బల్ల మధ్యలో

ఏ ఫోనుతో ఫొటో తీసినా, పోయిన మావారు మా పక్కన నవ్వుతూ వచ్చేస్తారు. ఇప్పుడు అందరిళ్లలోనూ అంతే. పోయినవాళ్లను ఫోన్లే చేర్చేస్తాయి. ఆ నవ్వు నేను చూడలేకపోయేదాన్ని. అందుకే నేను పాఠాలు చెప్పే బడి సెలవుల్లో, ఉన్నదున్నట్టు తీసే పాత కెమెరాతో, కిటికీ వెలుగులో మనుషుల ఫొటోలు తీయడం నేర్చుకున్నాను.

మొదట అత్తయ్యను కూర్చోబెట్టాను. ఆవిడ అలవాటుగా బల్ల చివరకు ఒదిగారు.

“మధ్యకు జరగండి అత్తయ్యా. ముఖం కాస్త కిటికీ వైపు తిప్పండి.”

“మరి వాడికి చోటో?”

“ఈ కెమెరాలోకి ఆయన రారు.”

ఆవిడ మధ్యకు జరిగి, కాళ్లు చాపుకున్నారు.

“అమ్మయ్య. ఒదిగి ఒదిగి నడుము పట్టేసిందే.”

కళ్లు తుడుచుకోబోతుంటే వద్దన్నాను. ఆ వెలుగులో అలాగే తీశాను.