అమ్మమ్మ కన్ను

యాప్ నాలుగోసారి కూడా తిరుగుటపాలో వచ్చింది.

యజమాని తల పట్టుకుని కూర్చున్నాడు. గదిలో అందరికీ ఆయన సార్. ముక్కూ మొహం తెలియనివాళ్లు వీడియోలో కబుర్లు చెప్పుకునే యాప్ అది. పద్దెనిమిది నిండినవాళ్లకే. పిల్లలు లోపలికి దూరరని రుజువు చేస్తే తప్ప అమ్మకానికి పెట్టనివ్వమని యాప్ స్టోరువాళ్లు భీష్మించుకున్నారు.

మొదటిసారి సార్ "మీకు పద్దెనిమిది నిండాయా?" అని అడిగి ఊరుకున్నాడు. దొంగను నువ్వు దొంగవా అని అడిగినట్టుందని వెనక్కి కొట్టారు. రెండోసారి పుట్టినతేదీ అడిగాడు. ఒక తేదీకి తలుపు తీయకపోతే ఇంకో తేదీ వేయవచ్చని వాళ్లు ఇట్టే పట్టుకున్నారు. మూడోసారి మొహం చూసి వయసు చెప్పే మిషన్ పెట్టాడు. అది కాటుకతో మీసం దిద్దుకున్న కుర్రాణ్ని సగౌరవంగా లోపలికి పంపింది. మీసం నున్నగా గీసుకున్న సార్ బావమరిదిని, ఇద్దరు పిల్లల తండ్రిని, పసివాడివి పొమ్మంది.

అప్పుడు గాని సార్‌కు అమ్మమ్మ విలువ తెలియలేదు.

పరుపుల దుకాణం పైన ఒక గది. కిటికీలకు నల్ల కాగితం. ఆరు స్టూళ్లు, ఆరు తెరలు, ఆరుగురు మనుషులు. యాప్‌ను ముందుగా వాడి చూస్తున్నవాళ్ల ఫోటోల్లో మిషన్‌కు అనుమానం వచ్చినవన్నీ ఇక్కడికి చేరతాయి. పెద్దవాళ్లయితే ఆకుపచ్చ మీట, పిల్లలైతే ఎర్ర మీట. పేరు మిషన్‌ది, చాకిరీ వీళ్లది.

వాళ్లలో ఒకరిది సోడాబుడ్డి కళ్లజోడు, నోరు విప్పితే సామెత, ఎవరైనా పని ఎగ్గొడితే నడుం మీద చేయి. అందుకే గదిలో అందరూ ఆమెను అమ్మమ్మ అంటారు. అసలు పేరు సార్‌కే గుర్తులేదు.

అందరి కళ్లూ కప్పొచ్చు గాని అమ్మమ్మ కళ్లు కప్పడం ఎవరి తరమూ కాదు. తండ్రి చొక్కా వేసుకుంటే మెడ దగ్గర ఖాళీ చూస్తుంది. తల్లి లిప్‌స్టిక్ పూసుకుంటే అది పెదవి దాటిన చోటు చూస్తుంది. "నవ్వు ఆపుకుంటున్నాడు సార్, బుగ్గలు చూడండి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది వీడి వాలకం" అంటుంది. ఎనిమిది నెలల్లో ఒక్క అబద్ధాన్నీ వదల్లేదు. అది ఆమె గర్వం.

"ఈసారి ఏం వంక పెట్టారు సార్?" అని అడిగింది.

"ఫోటోలు చూసేవాళ్లకు కూడా పద్దెనిమిది నిండాయని రుజువు కావాలట."

గది గొల్లుమంది.

"అమ్మమ్మకే వయసు పరీక్షా!" అని పక్క స్టూలు మీంచి ఎవరో పడీపడీ నవ్వారు.

అమ్మమ్మ నవ్వలేదు. మనసు ఇంటి మీద ఉంది. తమ్ముడు మంచం పట్టి నెలయింది. అక్క వచ్చిందా అని కలవరిస్తున్నాడని వారం కిందట కబురు. వాణ్ని ఎత్తుకుని పెంచింది తనే. సెలవు అడిగినప్పుడల్లా సార్ మాట ఒకటే: "యాప్ స్టోరులోకి ఎక్కనీ, ఆ పూటే నిన్ను బండెక్కిస్తా."

ఆరుగురూ వరసగా కెమెరా ముందు కూర్చున్నారు. మిషన్ అలవాటు ప్రకారం ఏ సంగతీ తేల్చలేక ఆరు ఫోటోలనూ అమ్మమ్మ తెర మీదికే తోసింది.

"నాది నేనే చూసుకోవడం న్యాయమా సార్?"

"నీ సంగతి నీకంటే ఎవరికి తెలుసు? నొక్కు." సార్ ఆమె వెనకే నిలబడ్డాడు. "అవతల తమ్ముడు ఎదురుచూస్తున్నాడు."

అమ్మమ్మకు మింగుడుపడలేదు. అయినా ఆకుపచ్చ మీట ఆరుసార్లు నొక్కింది.

మూడో రోజు ఆమోదం వచ్చింది. పిల్లల రక్షణలో ఈ బృందం అందరికీ ఆదర్శమని రాశారు. ఆ ముక్కను సార్ మూడుసార్లు పైకి చదివాడు. తలా ఒక చాక్లెట్ పంచాడు.

అమ్మమ్మ సంచి సర్దుకుని వచ్చింది.

"ఇవాళా? జనం ఎగబడుతున్నారు అమ్మమ్మా. నువ్వు లేకపోతే నాకు కళ్లు లేనట్టే. వారం ఆగు."

"మాటిచ్చారు సార్."

"ఇచ్చాను. లేదన్నానా? వారమేగా!"

వారం కాస్తా పది రోజులైంది. పదకొండో రోజు ఇంటి నుంచి కబురు వచ్చింది. ఇక తొందరపడి రావక్కర్లేదట.

అమ్మమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సార్, పాపం, ఐదు నిమిషాలు సెలవు ఇచ్చాడు.

"ఇంక కంగారు లేదుగా" అన్నాడు మెల్లగా. "కాస్త ఇటు చూడు. నిన్న నువ్వు ఎర్ర మీట నొక్కిన అమ్మాయి తనకు పంతొమ్మిదని గొడవ చేస్తోంది. ఎవరినైనా వెనక్కి పంపితే గంటలో కారణం రాసి ఇవ్వాలని స్టోరువాళ్ల రూలు. లేకపోతే యాప్ తీసేస్తారు."

అమ్మమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని తెర వైపు చూసింది. పైకి ముడివేసిన జుట్టు, చెవులకు పెద్ద పెద్ద రింగులు, బుగ్గలకు రంగు.

"పంతొమ్మిది కాదు సార్. పదకొండు."

"సరే, కారణం ఏమని రాయను? ఎలా పోల్చావని అడుగుతారు."

అమ్మమ్మ ముక్కు చీదుకుని అంది:

"నా ఈడు పిల్లని నేను పోల్చుకోలేనా సార్?"