చప్పుడు పెంచే డబ్బా

“ఈ తళతళలాడేది పెట్టొచ్చు కదమ్మాయ్,” అంటూ అత్తగారు బల్ల మీదున్న, కరెంటు పిన్ను గుచ్చే లోహపు జాక్ తీసి చూపించింది.

గిటారుకు తగిలించి కాలితో నొక్కే పెడల్ డబ్బాని సొంతంగా తయారు చేసుకుంటున్న కోడలు కంగారుగా లేచి నిలబడింది.

“అది వద్దత్తయ్యా. ఈ అడాప్టరు పిన్నుకి ప్లస్ బయటివైపు ఉంటుంది. డబ్బా రేకుకేమో మైనస్ కలిపాను. లోహపు జాక్ పెడితే రెండూ తగిలి షార్టయిపోతుంది. ఈ నల్ల ప్లాస్టిక్‌దైతే ఏ గొడవా ఉండదు.”

“సరే, అదే బిగించు. ఇంతకీ ఈ డబ్బాతో చప్పుడు తగ్గుతుందా, పెరుగుతుందా?”

కోడలు నల్ల జాక్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. తను గిటారు తీసిన ప్రతిసారీ ఆవిడ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది.

“పెరుగుతుంది,” అంది మెల్లగా.

“హమ్మయ్య. నా గదిలోకి సరిగ్గా వినపడక అడుగు తప్పుతోంది.”

“ఏం అడుగు?”

“తలుపేసుకుని నేనేం చేస్తున్నాననుకున్నావ్? గంతులేస్తున్నా. ఈ వయసులో అందరి ముందూ అంటే సిగ్గు కదా.”

కోడలు గబగబా ప్లాస్టిక్ జాక్ బిగించి, వైర్లు అతికించి, పెడల్ నొక్కి తీగ మీటింది. కిటికీ అద్దాలు అదిరిపోయాయి.

అత్తగారు చెప్పులు ఓ మూలకి విసిరేసి, కుర్చీని పక్కకి నెట్టి, హాలు మధ్యలో గిర్రున తిరిగింది. నవ్వాపుకోలేక కోడలి వేళ్లు తడబడ్డాయి.

“తప్పు వాయించినా పర్లేదు,” అంది ఆవిడ ఆయాసపడుతూ. “ఆపకు.”