నేనే

“ఎవరేమిటి? నేనే!” అని ఫోన్‌లోకి అరిచారు మాస్టారు.

సెల్ రిపేరు షాపులో ఉన్నవాళ్ళంతా ఆయన వంక తిరిగారు. ఫోన్ షాపుది. నంబరు ఆయన భార్యది. ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశారు. అవతల పలుకుతున్నది మాత్రం ఆవిడ కాదు.

“క్షమించండి. పేరు అర్థం కాలేదు. దయచేసి మీ పేరు చెప్పండి,” అంది తేనె పూసినట్టున్న ఆడగొంతు.

“నేనేనమ్మా, నేనే!”

కట్ అయిపోయింది.

“ఎవరో మహాతల్లి మా ఆవిడ ఫోనెత్తి, నన్నే ఎవరంటోంది,” అన్నారు మాస్టారు నుదురు తుడుచుకుంటూ.

“అది మనిషి కాదండీ, కొత్త అప్‌డేట్,” అంది షాపమ్మాయి, చేతిలోని స్క్రూడ్రైవర్ దించకుండానే. “తెలీని నంబర్ నుంచి ఎవరు చేసినా ముందు అదే మాట్లాడుతుంది. ఆవిడ ఫోన్లో ఉన్న పేరు చెప్తేనే మోగుతుంది. లేకపోతే ఫోనొచ్చిన సంగతే ఆవిడకి తెలీదు.”

మాస్టారి గుండెల్లో రాయి పడింది. ఆవిడకి కబురందాలి. ఆవిడొచ్చి ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాలి. అదీ చీకటి పడేలోపు.

లోపలికొస్తూనే “బళ్ళో మాస్టారుగా చేశానమ్మా, ఒక్క ఫోన్ చేసుకోవచ్చా?” అని అడిగారాయన. అప్పట్నుంచి షాపులో అందరికీ మాస్టారే.

ఆ అప్‌డేట్ ఏ ముహూర్తాన వచ్చిందో కానీ, రాత్రికి రాత్రి ఫోన్లన్నీ మారిపోయాయి. పొద్దున్నుంచి షాపు సంతలా ఉంది. వచ్చినవాళ్ళందరిదీ తలా ఒక గోల.

“ఫొటోలో అడ్డంగా ఉన్నవాళ్ళని దానంతటదే చెరిపేస్తోందండీ. మా బావగారు మాయం!” అన్నాడు లారీ డ్రైవరు.

“బావగారేగా, పోన్లెండి,” అంది పక్కనున్న నర్సు. “నా గతి చూడండి. ‘అత్తయ్యా, మీరు పడుకోండి’ అని కొడితే, ‘అత్తయ్యా, మీరు పడిపోండి’ అని దిద్ది మరీ పంపింది. అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడితే ఒట్టు.”

డ్రైవరు పకపకా నవ్వి మాస్టారి వైపు తిరిగాడు. “మీకేమండీ, పేరు చెప్పేస్తే పోతుంది కదా!”

“పెళ్ళయిన ఇన్నేళ్ళకి పెళ్ళానికి పేరు చెప్పుకోవాలటయ్యా? ఆవిడ ‘ఏమండీ’ అంటుంది, నేను ‘నేనే’ అంటాను. మా కాపురం ఆ రెండు మాటల మీదే నడిచింది.”

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వబోయారు కానీ నవ్వు సరిగ్గా రాలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశారు. మళ్ళీ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. చొక్కా జేబులు తడుముకున్నారు. కళ్ళజోడు డబ్బా తప్ప ఏమీ తగల్లేదు.

“మీ ఫోనేదండీ?” అని అడిగింది షాపమ్మాయి.

“ఇంట్లో మర్చిపోయొచ్చాను.”

“ఇల్లెక్కడ?”

“ఇక్కడే. దగ్గరే. కాళ్ళు లాగేస్తున్నాయమ్మా, ఆవిడొచ్చిందంటే...”

షాపమ్మాయికి జాలేసింది. ఈసారి తనే చేసింది. “హలో, సెల్ రిపేరు షాపు నుంచి మాట్లాడుతున్నానండీ...”

“ప్రకటనలు వద్దు. ధన్యవాదాలు.” కట్.

“దీని దుంప తెగ!” అన్నాడు డ్రైవరు.

“పోనీ అందరూ పిలిచే పేరే చెప్పి చూడండి,” అంది నర్సు.

షాపమ్మాయి మళ్ళీ నంబరు కలిపిచ్చింది. మాస్టారు ఫోన్ రెండు చేతులా పట్టుకుని, గొంతు సవరించుకుని, “మాస్టారు” అన్నారు.

“మాస్టారు పేరుతో ఈ ఫోన్లో చాలామంది ఉన్నారు. పూర్తి పేరు చెప్పండి.”

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టేశారు. “రోజూ పేర్లు పిలిచి హాజరు వేసినవాణ్ణి! ఇవాళ ఈ యంత్రం నా హాజరు తీసుకుంటుందా?” అని విసురుగా లేచి, గుమ్మానికీ బల్లకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టారు. బయట ఎండ పోయింది. ఎదురు కొట్టువాడు షట్టర్ సగం దించేశాడు. అది చూస్తే ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

“మీ పంతం దొంగలెత్తుకెళ్ళా! ఆవిడ అక్కడ ఎంత కంగారు పడుతోందో,” అని డ్రైవరు కసురుకున్నాడు.

“పోన్లెండి, మీకు అంత నామోషీగా ఉంటే నేను చెప్తాను,” అంటూ షాపమ్మాయి మళ్ళీ నంబరు నొక్కి ఫోన్ చెవికి పెట్టుకుంది. అవతల తేనెగొంతు అడగాల్సింది అడిగింది. షాపమ్మాయి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, “త్వరగా చెప్పండి మాస్టారూ, మీ పేరేంటి?” అంది.

అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

మధ్యాహ్నం ఇంట్లోంచి బయటికొచ్చినప్పటి నుంచీ ఎంత వెతుక్కున్నా, మాస్టారికి తన పేరు గుర్తు రావడం లేదు.