రూప్లా నడక

బోర్డు మీద ఆ ముక్క చెరిపేస్తే తప్ప కదిలేది లేదని హరిలాల్ దాని ఎదుటే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

జనగామ రికార్డు ఆఫీసులో మర్నాడే ప్రదర్శన. పాత సంస్థానాలు ఒకదానికొకటి రాసుకున్న రాయబారపు ఉత్తరాలను జనానికి చూపించబోతున్నారు. బోర్డు మూడో వరుసలో ఉంది ముల్లు. సిరిగుట్ట దొర పెద్దకోన దివానుకు పంపిన ఉత్తరాన్ని, మోసుకెళ్ళిన హర్కారా రూప్లా దారిలో కాజేసి పారిపోయాడట. రూప్లా హరిలాల్‌కు తాత తాత.

గంగారంలో కరెంటు లైన్‌మన్‌గా చేస్తున్న మనిషికి నూట నలభై ఏళ్ల కిందటి మాట మీద ఇంత పట్టుదల ఏమిటని ఎవరైనా అడగవచ్చు. దీపావళికి వాళ్ల తండాలో నిప్పుల మీద నైవేద్యంగా భోగ్ వేసి, పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. రూప్లా వంతు వచ్చేసరికి అందరి నోళ్లూ మూతపడతాయి. దొంగకు భోగ్ లేదు. ఇన్నాళ్లూ అది ఇంట్లో దాచుకున్న సిగ్గు. రేపటినుంచి వచ్చేపోయేవాళ్లంతా నిలబడి చదువుతారు.

రికార్డు ఆఫీసరు కరుణ మంచిదే కానీ కాగితం లేనిదే కన్నతండ్రి మాటనైనా నమ్మే రకం కాదు. సిరిగుట్ట కట్ట తెచ్చి, దొర స్వయంగా రాసిపెట్టిన చీటీ చూపించింది. 'హర్కారా తిరిగి రాలేదు. ఉత్తరముతో సహా పారిపోయినాడు.'

"కాయితం గిట్ల జెప్తుంది అన్నా. నేనేం జెయ్యాలె?"

మరి ఆ ఉత్తరం ఏదని హరిలాల్ అడిగాడు. కరుణ ఓపికగానే చెప్పింది. ఈ ఆఫీసులో ఉత్తరాలను విషయాన్నిబట్టి పెట్టరు. ఏ సంస్థానపు కచేరీ దాచుకున్నది ఆ కచేరీ కట్టలోనే, వాళ్లు కట్టిన వరుసలోనే ఉండాలి. వరుస తప్పిస్తే కాగితం నోరు పోతుంది. పంపినవాళ్ల దగ్గర ఉండేది నకలు, దీనికి అదీ లేదు. అసలు ఉత్తరం అందుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది, అందితే. పెద్దకోన కట్టలు ఎదుటి బీరువాలోనే ఉన్నాయి. బోర్డు రాసిన రాజీవ్ సారు అవి కూడా చూశారు. దొర చీటీ ప్రకారం ఉత్తరం బయల్దేరింది శ్రావణ శుద్ధ పంచమినాడు. మూడు రోజుల నడక. శ్రావణ శుద్ధం కట్టంతా వెతికినా అది లేదు.

"ఆ కట్టల్ల ఏ తారీఖు చూస్తరు మేడం, రాసిందా, చేరిందా?"

"చేరిందే."

హరిలాల్ మొదటిసారి కుర్చీలోంచి లేచాడు.

"మూడు దినాలనేది కారుల పోయినోడి లెక్క. శ్రావణంల తాడ్వాయి అడవి దాటాలంటే వాగు వాగుకూ ఆగాలె. నీళ్లు దిగేదాకా ఈ ఒడ్డుకే కూసోవాలె. గిప్పుడు గూడ నేను స్తంభాల కాడికి గట్లనే పోత. పన్నెండు దినాలు ఏసుకోండ్రి."

పంచమికి పన్నెండు రోజులు కలిపితే శుద్ధం దాటిపోతుంది. కరుణ నిచ్చెన వేసుకుని బహుళం కట్ట దించి, ఎర్రగుడ్డ ముడి విప్పింది. మూడో కాగితం మీదే సిరిగుట్ట ముద్ర ఉంది. పైన పెద్దకోన గుమస్తా దస్తూరీ. 'శ్రావణ బహుళ విదియనాడు చేరినది. తెచ్చినవాడు రూప్లా.'

హరిలాల్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. వానలో, వరదలో, ఉత్తరం తడవనీయకుండా తీసుకెళ్ళి చేతికిచ్చిన మనిషిని ఎన్ని దీపావళులు పస్తు పెట్టారో లెక్కేసుకుంటున్నట్టున్నాడు. తండాలో ఉన్న గోరీ పెద్దమ్మకు ఫోన్ చేసి, ఈసారి ఆ పేరు అందరికంటే ముందు తానే పిలుస్తానని చెప్పాడు.

కరుణ తడిగుడ్డ తెచ్చి ఆ వరుసను తన చేత్తోనే చెరిపేసింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఈ దుమ్ము కట్టలు ఒక మనిషికి పనికిరావడం చూసింది ఇప్పుడే. సంతోషంగా అనిపించింది. కట్ట మళ్లీ ముడి వేయబోతుంటే హరిలాల్ ఆపాడు.

"లోపల ఏం రాసిండ్రో గూడ సదువుండ్రి మేడం. రూప్లాకు సదువు రాదు. పన్నెండు దినాలు మోసిండు గని ఏం మోసిండో ఆయనకు తెల్వదు. నేనన్న ఇనాలె."

అడిగినదాంట్లో న్యాయం ఉంది. కరుణ కాగితం వెలుతురుకు పట్టి చదవసాగింది. హైదరాబాదు దర్బారుకు తెలియకుండా రెండు సంస్థానాలూ ఒకటి కావాలని దొర కోరుతున్నాడు. ఈ మాట మూడోవాడి చెవిన పడితే ఇద్దరికీ ముప్పేనంటున్నాడు. మూడు వాక్యాలు చదివేసరికి ఆమె చూపు కింది వరుస మీదికి పోయింది. కాగితం మడవబోయింది.

"ఆపిండ్రేంది?"

"మిగిలింది మామూలు ముచ్చటే అన్నా."

"కాయితంల ఉన్నది ఉన్నట్టు జెప్పుడే కదా మీ పని. పొద్దుగాల్నుంచి గదే జెప్పిండ్రు."

తన మాటే తనకు అడ్డం తిరిగింది. కరుణ అతని ముఖం చూడకుండా చదివింది.

'మన నడుమ ఉత్తరము నడిచిన సంగతి ఎరిగినవాడు దీనిని తెచ్చినవాడొక్కడే. అతడు తిరిగి రాకుండ తాము చూడవలెను. పారిపోయినాడని ఇక్కడ మేము వ్రాసి ఉంచెదము.'

దాని కింద దివాను చేతిరాత ఇంకొకటి ఉంది.

'కోరినట్లే జరిగినది. జవాబు అక్కరలేదు. కట్టలో ఉంచవలెను.'