నెలకు వంద జీబీ

"వంద దాటనివ్వకండి," అంది శ్రీలేఖ అలవాటు కొద్దీ.

"దాటడానికి లేదండీ. మిగిలిందే డెబ్బై," అన్నాడు గిరీష్.

ఆమె తెర మీది అంకె వైపు చూసింది.

"ఈ నెల కొత్త ఫొటోలేం లేవా?" అనడిగాడు.

"లేవండీ. అచ్చులన్నీ అయిపోయాయి." పటిక ఎంత ఉందో చూసొస్తానని లేచి వెళ్లిపోయింది.

పెడనలో శోభనాద్రి గారి కలంకారీ అద్దకం షెడ్డు వెనక గది అది. తాతల నాటి టేకు అచ్చుల్ని చెదలు తినేస్తుంటే, కూతురు శ్రీలేఖ ఒక్కో అచ్చునీ నాలుగు వైపులా ఫొటో తీసి క్లౌడ్ ఖాతాలో దాచింది. ఆ కంపెనీ అద్దె పెంచేసింది. అదంతా ఇంకో కంపెనీ ఖాతాలోకి మార్చిపెట్టడానికి బందరు నుంచి గిరీష్ వచ్చాడు.

దాచినందుకు అద్దె సరే, మన సరుకు మనం తీసుకెళ్లడానికి కూడా డబ్బులేంటని మొదటి రోజే అడిగారు శోభనాద్రి గారు. జీబీకి ఇంతని ఛార్జీ ఉందన్నాడు గిరీష్. పద్నాలుగు వందల జీబీకి పదివేల పైమాటే. నెలకు వంద జీబీ దాకా మాత్రం ఉచితం. అయితే నెలకు వందే పట్టుకెళ్లమన్నారాయన. పాస్‌వర్డు గది గడప దాటకూడదని కూడా అన్నారు. అందుకని ప్రతి ఒకటో తారీఖునా గిరీష్ బండి వేసుకుని రావాల్సి వచ్చింది.

మూడో నెలలో అతనికో సంగతి తెలిసింది. ఖాతా మూసేసి వెళ్లిపోయేవాళ్లకు ఆ ఛార్జీ లేదు. ఒక్క ఫారం నింపితే మొత్తం రెండు రోజుల్లో మారిపోతుంది. కానీ అప్పటికే శ్రీలేఖ పక్క కుర్చీలో మూడుసార్లు కూర్చుంది. గిరీష్ చెప్పలేదు.

ఆమె మాత్రం వెళ్లే సరుకు వెళ్తుంటే కొత్త ఫొటోలు తీసి పాత ఖాతాలోనే పెడుతూ వచ్చింది. కొత్తదాంట్లో పెట్టాలి కదండీ అంటే, చేతికి అలవాటైపోయిందంది. పద్నాలుగు నెలల పని పదిహేడు నెలలైంది.

గిరీష్ భయమంతా శోభనాద్రి గారితోనే. మీటరుకు అర్ధరూపాయి కోసం గుడ్డ వ్యాపారిని గంటసేపు నిలబెట్టే మనిషి. పదివేలు మిగల్చడానికి పాత ఖాతాకు నెలకు రెండున్నర వేలు అద్దె కడుతున్నానని ఆయన ఏ నెలలో లెక్క వేస్తారోనని ప్రాణాలు బిగబట్టుకునేవాడు. ఆయన వేయలేదు. ఎప్పుడూ కాలువ దగ్గర ఉతుకుల పని మీదే ఉండేవారు. ఏదైనా చెప్పాలంటే శ్రీలేఖ ఎర్ర ఇంకుతో కాగితం మీద రాసి పంపేది: "పటిక అయిపోయింది నాన్నా", "విజయవాడ లారీ వచ్చింది నాన్నా".

సాయంత్రానికి డెబ్బై జీబీలూ చేరిపోయాయి. శోభనాద్రి గారు తడి పంచెతోనే వచ్చి కూర్చున్నారు. ఇక దాచుకోవడం గిరీష్ వల్ల కాలేదు. ఆయన తనను నమ్మడం గుర్తొచ్చి సిగ్గేసింది కూడా.

"ఈ పని రెండు రోజుల్లో, పైసా ఖర్చు లేకుండా అయిపోయేదండీ. మూడో నెల నుంచీ నాకు తెలుసు. మీరు కట్టిన అద్దె నేనిచ్చేస్తాను."

"ఎందుకు చెప్పలేదు?"

గిరీష్ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "చెబితే మళ్లీ ఇక్కడికి రావడానికి పనుండదండీ."

శోభనాద్రి గారు కళ్లజోడు తుడుచుకున్నారు. సొరుగు లాగి, మడత పెట్టిన కాగితం ఒకటి తీసి అతని ముందు పెట్టారు. క్లౌడ్ కంపెనీ పంపిన మెయిలు ప్రింటు. ఖాతా మూసేవాళ్లకు ఛార్జీ లేదని అందులో స్పష్టంగా ఉంది. తారీఖు ఈ పని మొదలైన రెండో నెలది.

"మీకు నాకన్నా ముందే తెలుసా? మరి మీరెందుకు చెప్పలేదండీ?"

ఆయన కాగితం అడుగున వేలు పెట్టి చూపించారు.

అక్కడ ఎర్ర ఇంకుతో రాసి ఉంది: "గిరీష్ గారికి చెప్పకు నాన్నా."