కలెక్టరు, చిన్నరసం, రాఘవయ్య

“కలెక్టరు గారు పడుకున్నారు. మీరు కింద చాప మీద సర్దుకోండి,” అంది పుష్పావతి మొగుడితో.

వ్యానులో ఉన్నది ఒకటే పరుపు. దాని మీద కాళ్లు బారజాపుకుని గుర్రుపెడుతున్న కలెక్టరు ఒక కుక్క. పక్కన ముడుచుకుని పడుకున్న రెండోది చిన్నరసం. మామిడి షావుకారు ఇంటి కుక్కలకు మామిడికాయల పేర్లు కాక ఇంకేం పెడతారు?

నూజివీడు రాఘవయ్య అంటే మాటలా! పూత మీద తోట కొని, కాయ దిగేలోగా రైతు నోట్లో మట్టి కొట్టే మనిషి. గట్టిగా దగ్గితే కూలీలు చెట్ల మీంచి జారిపడతారు. అలాంటివాడికి సొంత ఇంట్లో మంచం లేదు. కుక్కలు మంచం మీద, ఆయన వసారాలో. అడిగితే “నోరులేని జీవాలండీ పాపం” అనేది పుష్పావతి. నోరున్న జీవం గోడు ఎవడికి కావాలి?

అందుకే ఎత్తు వేశాడు. ఆసుపత్రివాళ్లు అమ్మేసిన పాత వ్యాను కొని, పరుపు, కిరసనాయిలు స్టవ్వు, కర్టెన్లు పెట్టించాడు. “ఊరూరా తిరుగుదామే, ఇల్లు మన వెంటే వస్తుంది” అన్నాడు. అసలు సంగతి కడుపులో దాచుకున్నాడు. మామిడి కాపు మీదున్న రోజులు. ప్రతి తోటలో కాపలాకు కుక్కలు కావాలి. ఎక్కడో ఒకచోట వీటిని అంటగట్టి, తప్పిపోయాయని రెండు కన్నీటి చుక్కలు రాలిస్తే సరి!

“ఎన్నాళ్ల కోరికండీ!” అని పుష్పావతి వెంటనే బయల్దేరింది.

రెడ్డిగూడెం దాటగానే వ్యాను ఆపించాడు.

“కుక్కల్ని కాస్త తిప్పుకొస్తానే.”

“తిప్పండి. తొందరేం లేదు. ఎండగా ఉంది, గొడుగు పట్టుకెళ్లండి.”

తోటలో కాపలావాడు కనిపించాడు. రాఘవయ్య నోరు తెరిచేలోగా వాడి చూపు రోడ్డు మీది తెల్ల వ్యాను మీద పడింది.

“ఒరేయ్, ఆపరేషన్ల బండొచ్చిందిరోయ్!”

అంతే. కాయలు కోస్తున్న మగాళ్లంతా చెట్లు దిగి, పంచెలెగ్గట్టి పరుగు! కుటుంబ నియంత్రణవాళ్లు వ్యానులో వచ్చి పట్టుకుపోతారని ఊళ్లలో ఒకటే హడలు. ఆ గోలకు కుక్కలు బెదిరి, తాళ్లు లాక్కుని వ్యాను వైపు ఉరికాయి. రాఘవయ్య వాటి వెనకాల. రొప్పుతూ వచ్చేసరికి కుక్కలు ఎక్కేశాయి, వ్యాను కదిలిపోతోంది.

“ఆపరా జోజీ!”

“నీడలో పెడదామని తీశానండీ,” అన్నాడు డ్రైవరు జోజిబాబు.

“వచ్చేశారా?” అంది పుష్పావతి. ఆ గొంతులో దిగులు విని, నేనంటే ఎంత బెంగో అనుకున్నాడు రాఘవయ్య.

దారిలో వంకాయ కూర వండింది. ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు. “గడ్డి ఉడకేసినా ఇంతకంటే బాగుంటుంది. మీ పుట్టింట్లో నేర్పి చావలేదా?”

పుష్పావతి ఆ కంచం తీసి కలెక్టరు ముందు పెట్టింది. “నువ్వు చెప్పు నాయనా, బాగుందా?” కలెక్టరు కంచం మెరిసేదాకా నాకింది.

విస్సన్నపేటలో కాపలావాడు దొరికాడు. పారిపోలేదు. కుక్కలు కావాలన్నాడు కూడా. అయితే షావుకారు చెయ్యి కదా, ఊరికే ఇవ్వడానికి రాలేదు.

“ఒక బుట్ట రసాలు పెట్టు.”

“బుట్టెక్కడిదండీ, నాలుగు కాయలిస్తా.”

“నాలుగు కాయలకు కలెక్టరొస్తాడంట్రా!”

బేరం తెగలేదు. తాళ్లు తెగాయి, కుక్కలు మళ్లీ వ్యాను ఎక్కేశాయి. ఈసారి వ్యాను బాగా దూరం వెళ్లిపోయింది. గొర్రెల మంద అడ్డం రాబట్టి గానీ, లేకపోతే అందేది కాదు.

“మీకోసం వెతుకుతున్నామండీ,” అన్నాడు జోజిబాబు.

“నేను వెనకుంటే ముందుకెళ్లి వెతుకుతావేంట్రా వెధవా!”

పుష్పావతి కర్టెన్ వైపుకు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంది.

చింతలపూడి చేరేసరికి రాఘవయ్యకు ధైర్యం వచ్చింది. జిల్లా దాటితే కుక్కకు దారి తెలీదని ఆయన నమ్మకం. సవరమ్మ టీ బడ్డీ ముందు వ్యాను ఆగింది. కుక్కల్ని దింపుతుంటే పుష్పావతి చేతిసంచీ ఒకటి అందించింది.

“పంచె, చొక్కా పెట్టాను. మీ బీపీ మాత్రలు కూడా ఉన్నాయి.”

“కుక్కల్ని తిప్పడానికి ఇవన్నీ ఎందుకే?”

“ఉండనివ్వండి. మీ ఒంటి సంగతి మీరు చూసుకోవాలి కదా.”

రాఘవయ్య సంచీని గుండెకు హత్తుకున్నాడు. ఇలాంటి ఇల్లాలినా మోసం చేస్తున్నది! వెనక్కి తిరగబోయాడు కూడా. అంతలో వసారాలో దోమలు గుర్తొచ్చాయి.

తోట కాపలా చిన్నప్ప కుక్కల్ని చూసి నోరు వెళ్లబెట్టాడు. “ఊరికేనా బాబుగారూ?”

“ఊరికేరా! తోట ఆ చివరికి తీసుకెళ్లి కట్టెయ్.”

పీడ విరగడైంది. చెట్టు కింద చిన్నప్ప నులకమంచం ఖాళీగా ఉంది. నడుం వాల్చాడు. పక్కన తోక లేదు, మొహాన నాలుక లేదు. పెళ్లయిన కొత్తలో కూడా అంత హాయిగా నిద్రపోయి ఉండడు. లేచేసరికి పొద్దు వాలింది. ఎదురుగా చిన్నప్ప బుర్ర గోక్కుంటున్నాడు.

“తాళ్లు కొరుక్కుని పోయినయ్యి బాబుగారూ. ఎప్పుడో పోయినయ్యి.”

రాఘవయ్య కాళ్లీడ్చుకుంటూ టీ బడ్డీకి వచ్చాడు. వ్యాను లేదు.

“బండేదమ్మా?”

“ఎల్లిపోయిందండీ,” అంది సవరమ్మ టీ వడపోస్తూ. “రెండు కుక్కలు ఉరుక్కుంటా వచ్చి ఎక్కాయి, ఎంటనే తీశారు.”

“నన్ను వెతకడానికా?”

“ఏమోనండీ. రాఘవయ్య గారంటే మీరేనా? అమ్మగారు ఒక మాట చెప్పమన్నారు.”

“ఏంటది?”

“‘రెడ్డిగూడెంలోనే మిమ్మల్ని వదిలేస్తే, కుక్కల వెనకాలే వచ్చేశారు’ అన్నారండీ.”