బోర్డుకెక్కని చేప

చేప పడ్డాక గానీ ఐనార్‌కి గుర్తు రాలేదు, దాన్ని పైకెత్తే చేతివల ఇంట్లోనే మర్చిపోయి వచ్చానని.

పడటం కూడా సరిగ్గా పడవ పక్కనే పడింది. మస్కీ గడుసు చేప. ఎర వెంట పడవ దాకా వస్తుంది, ఒక్క చూపు చూసి వెనక్కి పోతుంది. అందుకే గాలం కర్ర మొన నీళ్ళలో ముంచి, పడవ వారన ఎనిమిది అంకె వేస్తూ దాన్ని ఊరించాలి. ఐనార్ ఇరవై మూడేళ్ళుగా ఫ్లాంబో నదిలో ఆ అంకె వేస్తూనే ఉన్నాడు. ఇవాళ రెండో సున్నా చుట్టేసరికి అడుగు నుంచి ఇంత పొడుగు చేప లేచి, ఎరని నోట కరిచింది.

"ఎవరైనా ఉన్నారా? వల! వల కావాలి!" అని అరిచాడు.

అరిచాక నాలిక కరుచుకున్నాడు. అక్టోబరులో సరస్సుల నీళ్ళు కిందా మీదా అయిపోయి చేపల జాడే తెలీదు. నదిలో ఆ గొడవ లేదు. చలి ముదిరేకొద్దీ పెద్దవన్నీ లోతు మడుగుల్లోకి చేరతాయి. ఈ వంపు దగ్గరి మడుగు సంగతి భూమ్మీద తనొక్కడికే తెలుసని అతని నమ్మకం.

వంపు తిరిగి ఒక పడవ వచ్చింది. అందులో వెండెల్. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"నువ్వా! నువ్విక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు ఐనార్.

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా."

"తర్వాత అడుగుదువు గానీ, ముందు వల పెట్టరా నాయనా!"

వెండెల్ వల పెట్టాడు. చేపని వలలోనే, నీళ్ళలోనే ఉంచి గాలం ఊడదీశారు. కొలబద్ద మీద ఒక్క క్షణం పడుకోబెట్టి చూశారు. యాభై ఒక్క అంగుళాలు. మళ్ళీ నీళ్ళలోకి దించి, అది తేరుకుని తనంతట తాను వెళ్ళేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అది వెళ్ళిపోయింది. ఐనార్ పడవలో చతికిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఆర్డిస్ బార్‌లో పెద్ద చేపల బోర్డు మీద నా పేరు!" అన్నాడు. "ఇరవై మూడేళ్ళు, వెండెల్! నీ పేరు నాలుగుసార్లుంది. నాది ఒక్కసారీ లేదు. సాక్షివి నువ్వే. చెప్తావు కదూ?"

"చెప్తాను. కళ్ళారా చూశాను, ఎందుకు చెప్పను? కానీ ఆర్డిస్ చోటు కూడా రాస్తుంది."

ఐనార్ నవ్వు ఆగిపోయింది.

అది ఆ బోర్డు నియమం. ఎంత పొడుగు, ఎవరు చూశారు, ఎక్కడ పట్టారు, మూడూ ఉంటేనే ఆర్డిస్ రంగు డబ్బా తీస్తుంది. కోతలరాయుళ్ళ బెడద పడలేక పెట్టింది.

"చోటు రాశావంటే శనివారానికల్లా ఇక్కడ నలభై పడవలు," అన్నాడు వెండెల్.

"నువ్వెన్నాళ్ళ నుంచి వస్తున్నావేంటి?"

"తొమ్మిదేళ్ళు. సాయంత్రాలు. రేపు మంచు పడుతుందంటే ఇవాళ ముందొచ్చాను."

"నేను పదకొండేళ్ళు. పొద్దున పూట." ఐనార్‌కి ఒళ్ళు మండింది. "అయితే నీ నాలుగు పేర్లూ ఈ మడుగు చలవేనన్నమాట!"

"అవి సరస్సు చేపలయ్యా. ఇక్కడ పట్టినవి ఆరు. ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా."

నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అనుకునే వెండెల్ మాట అది. ఐనార్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"నీ చేప, నీ ఇష్టం," అన్నాడు వెండెల్. "రాయిస్తానంటే వచ్చి సాక్ష్యం చెప్తాను. మాట తప్పను."

ఐనార్ మడుగు వంక చూశాడు. ఒడ్డున మేపుల్ ఆకులు రాలి నీళ్ళ మీద తిరుగుతున్నాయి. చేతికందింది నోటికందకుండా పోతోంది. బోర్డు మీద పేరుంటే పదిమంది చూస్తారు. మడుగు ఉంటే తను చూస్తాడు.

"పద, చలేస్తోంది. ఒక బ్రాందీ పోయిద్దువు గానీ," అన్నాడు.

పొద్దు గుంకే వేళకి ఇద్దరూ ఆర్డిస్ బార్‌లో పక్కపక్కన కూర్చుని, వేయించిన చీజ్ ముక్కలు ఒకే పళ్ళెంలోంచి తింటున్నారు. ఐనార్ బోర్డు వంక ఒకసారి చూశాడు, అంతే. చిత్రంగా బాధ లేదు. కడుపు నిండినట్టే ఉంది.

ఆర్డిస్ గ్లాసులు తుడుస్తూ వచ్చింది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం కంచు.

"ఏమైనా పడ్డాయా?"

"ఎక్కడ! రోజంతా ఊరికే విసిరాం. ఒక్కటీ పలకలేదు," అన్నాడు ఐనార్.

"నదిలో చేపలే లేవు," వంత పాడాడు వెండెల్.

"ఓహో," అంది ఆర్డిస్. "చేపలు లేని నదిలోంచి వచ్చి, మోచేతుల దాకా చేప జిగురు పూసుకుని, ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటున్నారా?"

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా తలలు దించుకున్నారు.

ఆర్డిస్ చుట్టూ చూసి, ముందుకి వంగి, ఆ కంచు గొంతుని గుసగుసలోకి దించింది. "పోయినేడు ఆ వంపు మడుగులో నేను పట్టి వదిలినప్పుడు అది యాభై అంగుళాలుంది. ఏమైనా పెరిగిందా?"